మీ అమ్మ జుట్టు ఎందుకు రాలినాదంటే

"నానమ్మా, జుట్టు గుప్పెడు గుప్పెడు ఊడొచ్చేస్తంది. ఏ నూనె రాయమంటావు?"

నూనా? ఆ దువ్వెన ఇలగ తే. ఓలమ్మో, ఇంతా! ఎన్నాళ్ల నుండి? కాలేజీ తెరిసినప్పటి నుండా? మరి అప్పుడే సెప్పొద్దేటే గుంటా? ఫోన్లో సూసి ఉల్లిపాయ రసం రాసినావు, నాకు తెలీదనుకున్నావేటి, తలగడంతా అదే కంపు. కూకో. నూనె సంగతి తరవాత. రేపు పొద్దున్న నువ్వు శ్రీకాకుళం బస్సెక్కే ముందర, నెల్లిమర్లలో రక్తం సూసే కాడికి ఇద్దరం పోదాం. వద్దంటావేటి? సూదికి బయమా? బయపడితే పడు, గానీ రావాల. ఎందుకు రావాలో సెప్తాను, ఇను. ఈ సంగతి మీ నాన్నకి కూడా నాను సెప్పనేదు.

మీ అమ్మ జుట్టు నీకు గేపకముందా? నీకెలగుంటాదిలే, అది పోయినప్పటికి మూడో తరగతి నువ్వు. నువ్వు సూసిందంతా తలగుడ్డే. సలోమి నా కోడలుగా వచ్చినప్పుడు జడ నడుం కిందకి ఉండీది. కుర్చీలో కూకోవాలంటే జడ ముందుకేసుకుని కూకోవాల. మీ తాత జూట్ మిల్లులో పన్సేసీవోడు కాదేటి, "దీని జడ ముందు మా మిల్లు పురితాడు ఏపాటిది" అని నవ్వీవోడు. అప్పట్లో గానుగ కాడికి గిన్నట్టుకెల్తే పది రూపాయలకి కొబ్బరినూనె నిండా పోసీవోరు. కాదు కాదు, అది నా పెళ్లినాటి మాట. మీ అమ్మ వచ్చీసరికి అన్నీ సీసాలే. ఏటి సెప్తన్నాను?

ఆ, అదే. నువ్వు పుట్టినాక మొదలైనాది. పిల్లని కన్నాక అందరికీ రాలతాది, మళ్లీ వస్తాదిలే అన్నాను. అది అబద్దం కాదు, నాకూ రాలి మళ్లీ వచ్చినాది. గానీ నువ్వు నడిసినావు, మాటలొచ్చినాయి, బడికెల్లినావు, దానికి మాత్రం రాలడం ఆగనేదు.

ఒకనాడు మీ తాత షిఫ్టుకెల్లాల. కంచం ముందర కూకున్నాడు, పప్పులో ఎంటిక. తీసి పక్కనెట్టి తినొచ్చు కదా? కంచం తోసీసి ఎల్లిపోనాడు. మొగోడు పస్తుతో పనికెల్లినాడని నాకు ఒళ్లు మండిపోనాది. సలోమిని నా నోటికొచ్చినన్నీ అన్నాను. అవి నీకు సెప్పను. "రేపట్నుండి తలకి గుడ్డ కట్టుకోకుండా పొయ్యి కాడికి రాకు" అన్నాను. అది పాత తువ్వాలు సింపుకుని కట్టుకున్నాది. ఇంట్లో తువ్వాలు, చర్చికెల్తే మన ఆడోళ్లం ముసుగేసుకుంటాం కదా, అక్కడ కొంగు. ఇంక దాని తల నాకు ఎక్కడ కనబడతాది? నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి దాని తల నాను సూడనేదు.

తిండా? మన ఇంటి పద్దతి నీకు తెలీదు, ఇప్పుడు మార్సీసినాను. అప్పుడు మగోళ్లు ముందర, తరవాత పిల్ల, తరవాత నాను, ఆకర్ని కోడలు. మా అత్త నన్నూ అలగే సూసినాది, నాను సచ్చిపోనేదు కదా అని నా దైర్యం. గుడ్డైనా సేపైనా మీ తాతకీ, మీ నాన్నకీ, నీకూ. నాకు తలకాయ ముక్క. దానికి అడుగున పులుసు. అదేసుకుని నాలుగు ముద్దలు తిని, ఎంటనే టీ తాగీది, ఆకలి సావాలని. ఇంటెనకాల మునగ సెట్టు ఉండీది. ఆకు కోసి ఆవుకేసీవోళ్లం. మా సిన్నప్పుడు ఆ మునగాకూ, రాగుల సోడంబలీ తినే పెరిగినాం. నాలుగు డబ్బులు కళ్ల సూసినాక అది బీదోళ్ల కూడని సిగ్గొచ్చీసింది నాకు.

నెలనెలా దానికి ఎక్కువ పోయీది. గుడ్డలు ఉతుక్కుంటంటే సూసినాను. ఆడదానికి మామూలేలే అనుకున్నాను. బిందె ఎత్తితే ఆయాసం. చర్చిలో ఆడోళ్లు "సలోమి తెల్లబడతన్నాదే" అంటే, నా కోడలు రంగొస్తందని మురిసిపోనాను. నాలాంటి ఎర్రిదాన్ని ఏటనాల సెప్పు!

ఇంటింటికీ తిరిగీ ఆసుపత్రి సిస్టరమ్మ రెండుసార్లు వచ్చినాది. "జుట్టు ఊరికే ఇలగ రాలదు, రక్తం పరీచ్చ సేయించండి" అన్నాది. అన్నం ఎంట టీ తాగనివ్వొద్దు, ఒంటికి పట్టాల్సింది పట్టదు అని కూడా అన్నాది. నాను ఇంటానా? "ఉన్న రక్తం తీసీసి పరీచ్చేటమ్మా, మా ప్రార్థన మాకున్నాది" అన్నాను. అప్పుడే శ్రమదినాలొచ్చినాయి, ఈస్టరుకి ముందర నలబై రోజులు. "నీ జుట్టు కోసం శుక్రవారం శుక్రవారం ఉపాసముండు, దేవుడు తిరిగిస్తాడు" అని సలోమికి సెప్పినాను. రెండు వారాలైనా రాలడం ఆగకపోతే బుదవారం కూడా కలిపినాను. నానూ ఉన్నాన్లే, దొంగ మాట కాదు. గానీ సాయంత్రం నాను కడుపునిండా తినీదాన్ని. దానికి ఉపాసం ఇప్పినా అందరి తరవాతే కదా.

తిండి సాలక రాలతన్న జుట్టు కోసం ఉన్న తిండి మానిపించినానే.

గుడ్ ఫ్రైడే నాడు మద్దేనం ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు సెప్తారు కదా, నాలుగో మాట కాడ పక్కకి ఒరిగిపోనాది. ఉపాసం నీరసమని కొంగుతో ఇసిరినాం, మొకాన నీళ్లు కొట్టినాం. లేవనేదు. ఆటోలో పెద్దాసుపత్రికి ఏసుకెల్లినాం. సిన్న వయసు డాక్టరమ్మ. కింద రెప్ప లాగి సూసినాది, తెల్లగా సున్నం పూసినట్టున్నాది. తలగుడ్డ ఇప్పమన్నాది. నానే ఇప్పినాను. అప్పుడు సూసినానే. నడినెత్తిన అరసెయ్యంత మేర సర్మం కనబడతన్నాది.

ఆవిడ అన్నిటికన్నా ముందర అదే అడిగినాది. "ఈ జుట్టు ఎన్నాళ్ల నుండి రాలతంది?" అని. ఏడెనిమిదేళ్లన్నాను. "ఇన్నేళ్ల నుండి ఈ ఒళ్లు సెప్తంటే ఎవరూ ఇననేదా అమ్మా?" అన్నాది. తిట్టనేదు, మెల్లగానే అడిగినాది. తిట్టినా బాగుండును. రక్తం పన్నెండు ఉండాలంట, దానికి మూడున్నరే ఉన్నాదంట. కడుపులో గడ్డ కూడా ఉన్నాదంట, నెలనెలా అలగ పోయీది అందుకేనంట. మీ నాన్న రక్తమిచ్చినాడు, ఎక్కించినారు. అప్పటికే గుండె అలిసిపోనాదన్నారు. ఈస్టరు ఆదోరం పొద్దున్న, అందరూ కొత్త బట్టలు కట్టుకుని చర్చికెల్తన్న ఏల పోనాది. ముప్పై ఏళ్లు.

మట్టి సేసిన కాడ అందరూ దేవుడు తీసుకుపోనాడన్నారు. నాను ఆమెన్ అన్నాను. ఇన్నాళ్లూ మీ నాన్నకీ, నీకూ అదే మాట సెప్పినాను. దేవుడు తీసుకుపోనేదే గుంటా. నానే పెట్టనేదు.

ఏడవకు. కాదులే, ఏడు. నన్ను తిట్టుకో, నీకు తగును. మీ నాన్నకి సెప్తావో మానుతావో నీ ఇట్టం. గానీ రేపు నాతో రా. నీ జుట్టు ఎందుకు రాలతందో నాకు తెలీదు. హాస్టల్లో టిఫిను మానీడం వల్ల కావొచ్చు. మొన్నొచ్చిన డెంగీ జెరం కావొచ్చు. నిద్ర నేక కావొచ్చు. మెళ్లో తైరాయిడ్డో ఏటో అంటారు, అది కావొచ్చు. డాక్టరమ్మ సెప్పినాది, అందరి జుట్టూ ఒకే దానికి రాలదంట, పరీచ్చ సేస్తేనే తెలుస్తాదంట. ఒకపాలి నాకు అన్నీ తెలుసనుకున్నాను. ఇంక అనుకోను.

సూదేసినప్పుడు అటు తిరుగు, నీ సెయ్యి నాను పట్టుకుంటాను. ముప్పై దాటాల నువ్వు. యాబై, అరవై దాటాల. నా అంత ముసిల్దానివై, నెత్తంతా నెరిసిపోయి, నీ మనవరాళ్లని కసురుకోవాల. దేవుడు నిన్ను సల్లగా సూడాల తల్లీ. లేవకు, లేవకు. కూకో. మీ నాన్న ఇంకా రాకపోతే ఏటి? అన్నం నాను తెస్తాను, ముందర నువ్వు తిను.