ఉలి పట్టే చెయ్యి

నల్లగండ్లలో, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ల చేత కసరత్తు చేయించే గది. తొంభై ఏళ్ల పెంటయ్య చేతిలో తువ్వాలు చుట్టిన కర్ర. ఎదురుగా కొడుకు శివయ్య. పక్కన కసరత్తు చేయించే ప్రవీణ.

“మళ్లీ ఆపేశారేంటి తాతగారూ? ఎత్తండి. రాళ్లు కొట్టిన చేతులు కదా!”

“ఉలి పట్టేటోడు లేకుంట సమ్మెట ఎట్ల ఏస్తనమ్మా?”

“శివయ్యగారూ, ఈ ప్లాస్టిక్ గొట్టమే ఉలి. మీరు పట్టుకోండి. భుజాలు బిగుసుకుపోతే రేపు ముద్ద నోటిదాకా పోదండి.”

“పట్టుకుంట మేడం. నాయినా, కొట్టు.”

“నాయిన ఏందిరా? ఎవనివి నువ్వు? కిరాయికి వచ్చినవా?”

“...ఆఁ. కిరాయికే వచ్చిన తాతా.”

“గట్ల చెప్పు. రెండు చేతుల పట్టు. ఒంటి చేత్తోని పడితే జారుతది.”

“ఒక్కటి చాలు.”

“ఆ ఎడమ చెయ్యి జేబులోంచి తీయండి శివయ్యగారూ. నెలనుంచీ చూస్తున్నాను, ఆయన ముందు తీయనే తీయరు!”

“రెండు వేళ్లు లెవ్వు మేడం. ఎనకట కంకర మిషన్ల పడ్డది. చూస్తే పరేషాన్ అయితడు.”

“ఏం కాదు, పట్టుకోండి. తాతగారూ, కిటికీలో ఆ అద్దాల బిల్డింగు ఉందే, అక్కడి రాతిగుండు పగలగొట్టింది మీరేనటగా? అలాగే కొట్టండి! ఒకటి... రెండు... అబ్బ, ఇవాళ ఎంత పైకి లేచిందో! ఏడు... ఎనిమిది... ఆగారేం?”

“కొట్ట.”

“ఇంకో రెండే—”

“కొట్టనంటే కొట్ట! ఆ చెయ్యి తియ్యమను. ఏమైందిరా నీ చేతికి?”

“మిషన్ల పడ్డది తాతా.”

“మావోనికి గూడ గట్లనే రెండు వేళ్లు పోయినయి. వాడు గూడ గట్లనే చెప్పిండు ఊరందరికి. మిషన్ల పడ్డదని.”

“పడ్డదేమో మరి.”

“ఏ మిషను? నా సమ్మెటరా! పొద్దుగాలనే తాగొచ్చి ఏసిన. పెండ్లి కుదిరినోడు. ఉలి ఇడిస్తే తిడ్తనని ఇడువలే.”

“శివయ్యగారూ... ఇదేంటండీ, మీరు—”

“జర ఆగుర్రి మేడం. తాతా... అది నీకు యాదికున్నదా?”

“అదొక్కటే ఉన్నది. ఇంకేం లేదు. ఇగో, నువ్వు మంచోని లెక్క కనవడుతున్నవు. మా శివునికి చెప్పకు. నేనది మరిచిపోయిన్నని అనుకోబట్టే వాడు నిమ్మళంగ ఉన్నడు.”