పనికిరాని చదువు

"తెలుగు డిగ్రీ చూసి ఉద్యోగం ఎవడిస్తాడే? ఆ పనికిరాని చదువు నా ఇంట్లో వద్దు," అన్నాడు టైలరు, కూతురి వైపు చూడకుండా కాలరు గుడ్డ కత్తిరిస్తూ. కాలేజీలో చేరడానికి మర్నాడే ఆఖరు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

షాపు బెంచీ మీద టీ తాగుతున్న మేనమామ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. చెప్పుల ఫ్యాక్టరీలో గుమాస్తా ఆయన.

"పనికిరాని! ఆ మాటతోనే బావా, మా ఫ్యాక్టరీ మూతపడబోయింది! 'పనికిరాని వారికి జీతం లేదు' అని మా ఓనరు గేటుకి నోటీసు అంటించాడు. మమ్మల్ని పనికిరానివాళ్ళంటాడా అని జనం మిషన్లు ఆపేసి బయటికొచ్చేశారు. మేనేజర్లు తలలు పట్టుకున్నారు. నేను వెళ్ళి, 'పనికి' తర్వాత కాస్త ఖాళీ వదిలి మళ్ళీ రాయించాను. పనికి రాని వారికి! అంటే డ్యూటీకి రానివాళ్ళకి! అందరూ నవ్వుకుంటూ లోపలికెళ్ళిపోయారు. తెలుగు చదివినవాడికి తప్ప ఇది ఇంకెవరికి తడుతుంది?"

కత్తెర ఆగింది. "ఇదేదో బాగానే ఉందే," అన్నాడు టైలరు. పిల్లకి ప్రాణం లేచొచ్చింది. మామయ్య అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండు! ఆపేస్తే ఆయన మామయ్య ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు. వద్దన్నా చెప్తావుగా," అన్నాడు ప్యాంటు కోసం వచ్చి కూర్చున్న మంగలి.

"పెద్ద మిషను మొరాయించింది. విదేశాల నుంచి వచ్చిన ఇంజినీర్లు విప్పి చూసి చేతులెత్తేశారు. నేను దాని చెవిలో..."

"మిషనుకి చెవా?"

"మధ్యలో అడ్డురాకు! చెవిలో ఓ సీసపద్యం అందుకున్నాను. తేటగీతికి వచ్చేసరికి గిర్రున తిరగడం మొదలెట్టింది, ఇక ఆగితే ఒట్టు! ఆ రోజు తయారైన చెప్పులకి లారీతో పనే లేదు, వాటంతటవే నడుచుకుంటూ షాపులకి వెళ్ళిపోయాయి. ఓనరు నా కాళ్ళ మీద పడి, మహాప్రభో, ఇంజినీర్లందర్నీ తీసేస్తాను, పద్యాలొచ్చినవాళ్ళని పంపించండి అని ఒకటే ఏడుపు!"

నవ్వాపుకోబోయి మంగలికి పొలమారింది. టైలరు ముఖంలో ఇందాకటి మెత్తదనం పోయింది. తన కాలేజీ సీటు కూడా ఆ చెప్పుల వెంట నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది పిల్లకి.

"అంతా బాగానే ఉంది బావమరిదీ," అన్నాడు టైలరు నింపాదిగా. "మరి నీ కొడుకుని ఇంజినీరింగులో ఎందుకు చేర్పించావు?"

మామయ్య చల్లారిపోయిన టీ గ్లాసు గబుక్కున అందుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం చూసి పిల్లకి ఒళ్ళు మండింది. ఇంటిల్లిపాదీ కాదన్నప్పుడు తన తరఫున నోరు విప్పింది ఈయనొక్కడే, కోతలైతేనేం!

"తెలుగు చదవాలంటే బుర్ర కావాలి నాన్నా," అంది లేచి నిలబడి. "బావకి అంత లేదని, పాపం, ఇంజినీరింగుతో సరిపెట్టారు."

మంగలి పగలబడి నవ్వాడు. టైలరు నవ్వకూడదని పెదాలు బిగబట్టి, చివరికి ఆపుకోలేక కత్తెర బల్ల మీద పడేశాడు.

"నీ నోటికి ఎక్కడైనా ఉద్యోగమిస్తారే తల్లీ! పొద్దున్నే తయారవ్వు, వెళ్ళి చేరుదువుగాని."