లైన్లో ఉండండి

వంటింటి బల్ల మీద స్పీకర్లో పెట్టిన ఫోను. అందులోంచి సన్నగా గిటార్. బల్లకి ఇటు గిటారిస్టు, అటు ఆయన భార్య.

"కాస్త తగ్గించండీ దాన్ని. తల వాచిపోతోంది."

"తల వాచిపోతోందా? అది వాయించిందెవరో తెలిసే అంటున్నావా?"

"తెలియకపోవడమేం? పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కిటికీలకి కొట్టేసి, నా గాజులు తీయించి, ఊపిరి కూడా మెల్లిగా పీల్చమని వాయించిందేగా. ఆ డబ్బుతోనేగా ఈ ఫ్రిజ్ కొన్నది."

"ఫ్రిజ్ సంగతి ఎత్తకు."

"ఎందుకు ఎత్తకూడదు? మీ పాటలన్నిట్లోకీ ఈ ఇంటికి చల్లటి నీళ్ళు పోసింది అదొక్కటే."

"నాకేం తెలుసే అప్పుడు, సర్వహక్కులూ అని రాస్తే నిజంగానే సర్వమూ అని? నా పేరు కూడా ఉంచలేదు. 'ప్రశాంతం పదిహేడు' అని నంబరేసి అమ్ముకున్నాడు ఆ ట్యూన్ల కంపెనీవాడు. బ్యాంకువాడు కొన్నాడు, ఆసుపత్రివాడు కొన్నాడు, ఆఖరికి నేను నెట్‌లో పాటలు పెట్టుకునే కంపెనీవాడూ కొన్నాడు. ఇదిగో, వాడికి ఫోన్ చేస్తే నన్నే నాకు వినిపిస్తున్నాడు."

"పోనీలెండి, ఎంతమంది వింటున్నారో."

"అది వినడమా? ఎప్పుడు ఆగుతుందా అని పళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం. ఇంతమంది కలిసికట్టుగా ఆగిపోతే బాగుండునని కోరుకున్న గిటారిస్టు ఇంకొకడు ఉండడు."

"మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి. ఈ కాల్ రికార్డు చేయబడి మీ ఖాతాలో భద్రపరచబడుతుంది."

"విన్నారా, ముఖ్యమట."

"ప్రతిసారీ అక్కడే తెంపుతుంది ఈ గొంతు! పైకి తీసుకెళ్ళి తీసుకెళ్ళి, సరిగ్గా ఆ..."

"మీరు అమ్మిందే అక్కడిదాకా కదా."

"వాళ్ళడిగింది నలభై సెకన్లు! మిగతాది నాలోనే ఉండిపోయింది. తల దత్తతిచ్చేసి మొండేన్ని ఇంట్లో పెట్టుకున్నట్టుంది ఇన్నేళ్ళూ."

"నమస్కారం, సహాయ విభాగం. ఎలా సాయపడగలను సార్?"

"హమ్మయ్య. మనిషేనా?"

"మనిషినే సార్."

"నా పాట తీసేశారమ్మా. నిన్న పెట్టాను, ఇవాళ చూస్తే లేదు. సాయంత్రం నా కచేరీ. వేరేవాళ్ళ వెనక కూర్చుని వాయించేది కాదు, నా సొంత కచేరీ, నా పేరు మీద, మొదటిసారి. ఆ పాట పేరే కచేరీకి పెట్టాను. మీ దగ్గరున్న నా పేజీ చూసే హాలాయన హాలిచ్చాడు. పేజీలో తేడా వస్తే హాల్లోనూ తేడా వస్తుంది."

"చూస్తున్నాను సార్... సార్, ఆ పాట కాపీ అని వచ్చింది."

"ఎవరిది కాపీ?"

"'ప్రశాంతం పదిహేడు' అని ఒక..."

"అది నేనే!"

"ఎవరు సార్?"

"ప్రశాంతం పదిహేడు నేనేనమ్మా!"

"ఇంట్లో చూస్తే నమ్మరులెండి."

"సార్, ఆ మాట్లాడేది..."

"మా ఆవిడ. మీరేం పట్టించుకోకండి."

"ఆయనా పట్టించుకోరులేమ్మా, అలవాటే."

"నువ్వుండవే. చూడమ్మా, ఇప్పటిదాకా లైన్లో పెట్టి నాకేదో వినిపించారే, అదే ఆ ప్రశాంతం. అది వాయించింది నేను. దాని మిగతా భాగం ఇన్నాళ్ళకి పూర్తి చేసి, మొదట్లో ఆ ముక్క కలిపి పాటగా పెట్టాను. దాన్ని నేను దొంగిలించానంటోంది మీ మిషను. నా జేబులో పర్సు నేనే కొట్టేశానని నా మీదే కేసు!"

"అర్థమైంది సార్."

"అర్థమైందా? నిజంగానా, అలా అనమని మీకు రాసిచ్చారా?"

"రాసిచ్చారు సార్. కానీ అర్థం కూడా అయింది. ఒక్క సంగతి చెప్పాలి. మీ ఖాతా మీద ఇప్పటికే రెండు స్ట్రైకులున్నాయి, అంటే రెండుసార్లు కాపీ తప్పు రాసుకుంది మిషను. మూడోది పడితే ఖాతా దానంతటదే మూసుకుపోతుంది. పేజీ, పాటలు, విన్నవాళ్ళ లెక్కలు, అన్నీ పోతాయి. మళ్ళీ తెరవడం నా చేతిలోనూ ఉండదు, మా మేనేజర్ చేతిలోనూ ఉండదు."

"రెండేమిటి? ఇది ఒకటేగా?"

"పోయిన వారం ఒక వీడియో ఉంది సార్. వంటిల్లులా ఉంది. కుక్కర్ కూస్తోంది, వెనకాల గిటార్ మీద అదే ట్యూను."

"ఏమండీ, పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసొస్తా."

"పొయ్యి మీద పాలు లేవు. కూర్చో. నువ్వు పెట్టావా?"

"పెట్టాను. తప్పా? వాయించేటప్పుడు మీరు నవ్వుతారు. మీకు తెలీదు. మిగతా రోజంతా మీ ముడుచుకున్న మొహం చూసేదాన్ని నేను కాబట్టి, అదొకటి దాచుకుందామనుకున్నా."

"దాచుకోడానికి నా పేజీలోనే పెట్టావా?"

"ఇంకెక్కడ పెట్టను, ఫ్రిజ్‌లోనా?"

"కుక్కర్ కూతలో కూడా పట్టేసిందామ్మా మీ మిషను?"

"ఖాతాలోకి ఏ శబ్దం చేరినా వింటుంది సార్. మొదట్నుంచి చివరిదాకా వింటుంది."

"అంటే నా పాటలు చివరిదాకా వినేది అదొక్కటేనన్నమాట."

"సార్, ట్యూన్ల కంపెనీవాళ్ళకి మెసేజ్ పెడతాను. ట్యూను మీరు వాయించిందేనని వాళ్ళు ఒప్పుకుని, వాడుకోనిస్తామంటే పాట మీద పడ్డ స్ట్రైకు తీసేయొచ్చు, పాట మళ్ళీ వచ్చేస్తుంది. అప్పటిదాకా లైన్లో పెట్టమంటారా?"

"వద్దు! వద్దమ్మా, దండం పెడతాను. లైన్లో పెట్టకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను సార్?"

"ఏదైనా. వాతావరణం చెప్పు."

"మాకిక్కడ కిటికీల్లేవు సార్."

"అయితే ఆయన్నే మాట్లాడనివ్వమ్మా. హోటల్ సంగతి చెప్పండి. ఎలాగూ చెప్తారు."

"హోటలుకేం, దివ్యంగా ఉంది. సాయంత్రాలు అక్కడే వాయిస్తానమ్మా. అక్వేరియం పక్కన నాకో కుర్చీ వేశారు. చేపల్ని చూడ్డానికి పిల్లలొస్తారు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లులొస్తారు. నా వైపు వచ్చేవాడు మేనేజరొక్కడే. కొంచెం తగ్గించండి, కస్టమర్లు మాట్లాడుకోలేకపోతున్నారు అంటాడు. తగ్గిస్తాను. ఇంకా తగ్గించండి అంటాడు. మొన్న తీగల మీద వేళ్ళు ఆడించానంతే, అసలు మీటలేదు. చాలా బాగుందన్నాడు."

"చప్పట్లు ఎప్పుడు కొట్టారో కూడా చెప్పండి."

"సర్వర్ చేతిలోంచి ప్లేట్లు జారినప్పుడు. హాలు హాలంతా కొట్టారు. నేనూ కొట్టాను. ఎంత తప్పయినా అతనిది సొంత శబ్దం కదా."

"రికార్డింగులకి వెళ్తారా సార్? సినిమాలవీ?"

"వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు గిటార్ కంప్యూటర్లోనే ఉందట. ఒక కుర్రాడు కీ నొక్కి వినిపించాడు. అచ్చం గిటారే. తప్పు లేదు, వేలు జారదు, తీగ గీరుకోదు. ఇందులో మనిషి లేడు కదా బాబూ అన్నాను. అందుకే క్లీన్‌గా ఉందండీ అన్నాడు."

"మరి ఇంట్లో రికార్డు చేసుకుంటారా?"

"ఇదే వంటింట్లో. ఫ్రిజ్ ఆపాలి, లేకపోతే దాని మూలుగు పడుతుంది. ఆపినవాణ్ణి మళ్ళీ వెయ్యడం మర్చిపోతాను."

"ఈయన ఒక్కో పాటకీ మా ఇంట్లో ఒక్కో గిన్నె పాలు విరుగుతాయమ్మా. ఆల్బమ్ అయిందంటే ఆ నెలంతా విరిగినవే."

"నవ్వకమ్మా. ఆవిడకి అలుసు. అవునూ, ఒకటడగనా? నువ్వు రోజూ వింటావు కదా ఆ ట్యూను, లైన్లో పెట్టినప్పుడల్లా."

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ సార్. ఇంటికెళ్ళినా చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది."

"ఎలా ఉంటుంది? మొహమాటపడకుండా చెప్పు."

"మొహమాటం లేకుండానా సార్?"

"చెప్పమ్మా, గట్టిగానే చెప్పు. ఆయన తట్టుకుంటారు. తట్టుకోకపోతే నేనున్నాగా."

"భయంగా ఉంటుంది సార్. అది అయ్యేసరికి ఎవరో ఒకరు తిట్టడానికి సిద్ధంగా ఉంటారు. ఫోనెత్తగానే నన్నే తిడతారు. మా అమ్మ చేతిలో సెల్లులో ఒకసారి అది వినిపిస్తే, బ్యాంకుకో దేనికో చేసినట్టుంది, నాకు ఉన్నపళంగా చెమటలు పట్టేశాయి. ఏమనుకోకండి సార్. అడిగారని..."

"లేదులే. ప్రశాంతం అని పేరు పెట్టింది నేను కాదు."

"సార్! జవాబొచ్చింది."

"ఏమంటారు?"

"ఉండండి, చదువుతున్నా... ఒప్పుకున్నారు సార్! పాత కాగితాల్లో మీ పేరుందట. వాడుకోనిస్తామన్నారు. పాట మీది స్ట్రైకు తీసేయమని పై విభాగానికి పంపించేశాను. అరగంట పడుతుంది. సాయంత్రానికి మీ పాట ఉంటుంది సార్."

"ఉంటుందా? నిజంగా?"

"ఉంటుంది. ఒక్కటే, ఈ అరగంటా మీ పేజీలో కొత్తగా ఏదీ పెట్టకండి. ఈ స్ట్రైకు పోకముందే కొత్తది పడితే ఇక అంతే."

"వేలు కూడా పెట్టను! ఏయ్, నీ సెల్లు ఇలా ఇవ్వు."

"తీసుకోండి, బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. సాయంత్రం హాల్లో ఫోటో తీయడానికైనా ఇస్తారా?"

"చల్లగా ఉండమ్మా. నీ పేరు కూడా అడగలేదు."

"పేరు చెప్పకూడదు సార్. నంబరే. మీలాగే."

"అంతేలే. ఉంటాను మరి."

"సార్, ఒక్క నిమిషం. పనైపోయింది. ఇది ఆఫీసు ప్రశ్న కాదు, నా సొంతానికి అడుగుతున్నా."

"అడుగమ్మా."

"ఆ ట్యూను పైకి వెళ్తుంది వెళ్తుంది, ఇంకొక్క మెట్టుందనగా 'మీ కాల్ మాకు ముఖ్యం' అని తెగిపోతుంది కదా. రోజుకి ఎన్నిసార్లో. తిట్లకంటే నన్ను అదే ఎక్కువ పీడిస్తుంది సార్. దాని తర్వాత ఏమొస్తుంది?"

"ఏమన్నావమ్మా?"

"తర్వాత ఏమొస్తుంది అని."

"అయిపోయింది. అడగకూడనిది అడిగేశావు తల్లీ."

"తప్పా మేడమ్?"

"తప్పు కాదు. ఆయన మొహం చూడలేదు కదా నువ్వు. ఏమండీ, సాయంత్రం హాల్లో ఎలాగూ వాయిస్తారుగా. ఆ అమ్మాయి కోసం ఇంకో పదిమంది లైన్లో కాచుకునుంటారు."

"హాల్లో ఎవరు అడుగుతారే? వస్తారు, కూర్చుంటారు, పక్కవాడు కొడితే చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ళు వాయించాను. బాగుందన్నవాళ్ళున్నారు, తగ్గించమన్నవాళ్ళున్నారు. తర్వాత ఏమొస్తుందని అడిగిన మనిషి ఒక్కరుంటే చూపించు. నువ్వడిగావా?"

"నాకు తెలుసు కాబట్టి అడగలేదు."

"అమ్మా, టైముందా నీకు?"

"రెండు నిమిషాలు సర్దుకుంటాను సార్. ప్రతి కాల్ అయ్యాక వివరాలు రాసుకోడానికి ఇస్తారు, అవి వాడుకుంటాను."

"గిటారేదీ?"

"మీ వీపు వెనకే ఉంది. అబ్బ, నెమ్మది, గ్లాసు!"

"ఆ ఫోను ఇంకొంచెం ఇటు జరుపు. కిటికీ మూసెయ్."

"మూశాను. ఫ్రిజ్ ఆపనా?"

"ఆపు."

"పాలున్నాయి అందులో."

"ఆపవే. అమ్మా, ఉన్నావా? మొదట్నుంచీ వస్తాను. నీకు తెలిసిందే ముందు, అది తెగే చోటు దాటాక కళ్ళు మూసుకో."

"మూసుకున్నాను సార్."

"..."

"మేడమ్, ఇక్కడే తెగిపో..."

"ష్. మాట్లాడకమ్మా. దాటుతున్నారు."

"..."

"అదీ. అంతే. విన్నావా అమ్మా?"

"విన్నాను సార్. ఇంకా పైకి వెళ్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ. అంత మెల్లిగా కిందికి వచ్చేస్తుందనుకోలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని దింపినట్టు... ఇక రేపట్నుంచి అది తెగినా ఫర్వాలేదు సార్. మిగతాది నాకు తెలుసు."

"విన్నావుటే? విన్నావుటే ఆ మాట?"

"విన్నాను. నవ్వుతున్నారు మీరు, తెలుసా? ఫ్రిజ్ వేసేదా?"

"ఉండు, ఆవిణ్ణి చెప్పనీ. చెప్పమ్మా, నీకు పూర్తిగా వినిపించిందా? ఫోన్లో కింది తీగలు సరిగ్గా రావు."

"వచ్చాయి సార్. అన్నీ వచ్చాయి. సార్..."

"ఆ?"

"విన్నది నేనొక్కదాన్నే కాదు సార్."

"ఇంకెవరు? పక్క సీట్లవాళ్ళా? అందరికీ వినిపించేలా పెట్టావా? ఎంతమంది? ఏమన్నారు?"

"ఈ కాల్ రికార్డు మీ ఖాతాలోకే వెళ్తుంది సార్. మిషను వినేసింది... మూడోది పడింది."