చుక్కాని ఆవిడది, తాడు ఆయనది

తెల్లారగట్ల అయిదూ పది అయ్యిందంట. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసని అడక్కండి, నడిమి లాకుల ఆఫీసు గోడకి పెద్ద గడియారం ఉండేది, గట్టు మీద నించి చూస్తే ముళ్లు కనపడేవి. మసేనయ్య ఆ గోడ కింద మెట్ల మీద గొంతుక్కూచుని కొబ్బరిపీచు తాడు నీళ్లలో నానేస్తున్నాడు. ఎండు తాడు భుజాన్ని కోసేస్తది, అందుకని పడవ లాగేవోళ్లు పొద్దున్నే లేచి ముందు చేసే పని అదే. నలభై రెండేళ్లుగా చేసిన పనే చేస్తున్నాడు గానీ, ఏమైందంటే, ఆ సోమారం నాడు పడవలో సరుకు లేదు. ముందురోజే పెంకులు దించేశారు, అదే ఆఖరి సరుకు. లారీలు వచ్చినాక కాలవ మీద బేరాలు పోయాయి, ఈయనకీ అరవై అయిదు దాటాయి. ఇంక చాల్లే, ఎక్కడన్నా ఓ చోట కుదురుగా ఉందాం అనుకున్నారంట మొగుడూ పెళ్లాలు. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకటే మాట. ఎక్కడ అన్న కాడ వచ్చింది తేడా. పిల్లల్లేరా అంటారేమో, ఓ కూతురుంది, అత్తారింట్లో సుఖంగానే ఉంది, ఈ కథలో ఆ పిల్లకి పని లేదు.

ఇప్పుడోళ్లకి తెలీదు గానీ, ఆ రోజుల్లో పడవకి ఇంజనీ గింజనీ లేవు. గట్టు మీద ఒకళ్లు తాడు భుజానేసుకుని లాగాల, పడవలో ఒకళ్లు చుక్కాని పట్టాల. ఈ పడవకి తాడు మసేనయ్యది, చుక్కాని ఆయన పెళ్లాం నూకరత్నానిది. మధ్యన ముప్పై బారల తాడు. ముప్పై బారలంటే ఇక్కణ్ణించి ఆ చెరుకుతోట దాకా అనుకోండి. అంత దూరంలో మాటలేం వినపడతాయి? తాడే మాట్టాడేది. ఒక్క కుదుపు కుదిపితే ఆగమని, రెండు కుదిపితే ఒడ్డుకి లాగమని, మూడు కుదిపితే కూడు ఉడికింది, తిందువుగాని రమ్మని. సంసారమంతా అలాగే నడిచిందంట. ఆయనేమో ముందు చూసుకుంటా నడవటం, ఆవిడేమో వెనకాల కూచుని ఆయన వీపు చూస్తా రావటం.

ఆ పొద్దున్న లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు సన్నిబాబు సైకిలు మీద వచ్చి, "బాబాయ్, ఆదోరం పొద్దున్న ఆరింటికి కాలవ కట్టేస్తన్నారు. జూను నెల దాకా నీళ్లుండవు. ఏ పడవ ఎక్కడుంటే అక్కడే బురదలో కూచుంటది. చేరేదెక్కడికో ఈలోపల చేరుకోండి" అని చెప్పి పోయాడు. దిగువకి పద్నాలుగు మైళ్లు పోతే ఉప్పుటేరు, మడ అడవి, ఆ పైన సముద్రం. ఎగువకి పద్దెనిమిది మైళ్లు పోతే పై లాకులు, అక్కణ్ణించి మెట్ట, ఎర్రమట్టి, జీడిమావిడి తోటలు. నూకరత్నం పుట్టిల్లు ఆ వైపే, తమ్ముడు లోవయ్య అక్క కోసమని రెండు గదుల పాక కూడా వేసుంచాడంట. మసేనయ్య దిగువకే అన్నాడు. మడచెట్ల నీడన పడవ కట్టేసుకుంటానని, ఎక్కి కూచుంటే ఇంక దిగనని. "నలభై రెండేళ్లు పడవ లాగేను గానీ, పడవలో కూచున్నదెప్పుడే? నువ్వు మారాణీలాగా కూచున్నావు, నేను ఎద్దులాగా నడిచేను. ఇంక నా వంతు." ఆవిడ ఊరుకుంటదా? "మారాణీనా? నీళ్ల మీద ఎండకి నా కళ్లు పోయాయి. ఉప్పుటేట్లో నేలెక్కడుందయ్యా, అడుగేస్తే మోకాటి దాకా దిగిపోద్ది. నాకు కదలని నేల కావాల. పొద్దున్నే లేచి నడవాల. ఎగువకే." "ఎగువకెళ్తే ఈ పడవేమవుద్దో తెలుసా? కలప వర్తకుడు గొడ్డలి నూరుకుని కాసుకునున్నాడు అక్కడ." "అయితే నువ్వు దిగువకి పో, నేను బస్సెక్కుతాను" అందంట. అనటానికైతే అనేసింది గానీ, ముప్పై బారలకి మించి ఎప్పుడూ ఎడంగా ఉన్నోళ్లు కాదు మరి.

తమాషా ఏంటంటే, ఆ పడవ ఒకళ్ల ఇష్టంతో కదిలేది కాదు. సోమారం మసేనయ్య దిగువకి మొహం పెట్టి తాడు భుజానేసుకున్నాడు. నూకరత్నం చుక్కాని గట్టుకేసి తిప్పి బిగించి పట్టుకుంది. ఈయన లాగాడు, లాగాడు, పడవ మొన పోయి గట్టు మట్టిలో గుచ్చుకుంది. మంగళారం ఆవిడ చుక్కాని సరిచేసి ఎగువకి చూస్తా కూచుంది, ఈయన తాడు చుట్ట తలకింద పెట్టుకుని గట్టు మీద పడుకున్నాడు. దారే పోయే పడవలోళ్లు ఊరుకుంటారా? "ఏం మసేనన్నా, పడవకి గట్టు కట్టేవా, గట్టుకి పడవ కట్టేవా?" అని ఒకడు. "వదినా, ఎక్కడిదాకా ప్రయాణం?" అని ఇంకోడు. "ఇక్కడిదాకే మరిదీ, వచ్చేశాం!" అని ఆవిడ. ఇంత జరిగినా మూడు కుదుపులు మాత్రం మానలేదంట. కూడు ఉడకగానే తాడు కుదిపేది, ఈయన లేచొచ్చి తిని, పోయి మళ్లీ పడుకునేవాడు.

బుధారం పొద్దున్న ఏమైందంటే, నూకరత్నం చెంగు బిగించి గట్టెక్కింది. "లెగు" అంది. "కూచోవాలనేగా నీ ఏడుపు? పోయి కూచో. నేను లాగుతాను." ఎటు అన్నాడు ఈయన. "లాగేవోళ్ల ఇష్టం" అంది ఆవిడ. మసేనయ్య లోపల నవ్వుకున్నాడు. పోనీలే, చుక్కాని నా చేతిలోనే ఉంటదిగా, తను చేసిందే నేనూ చేస్తాను, నాలుగు బారలు పోనిచ్చి గట్టుకి తిప్పేస్తాను అనుకున్నాడు. పోయి కూచున్నాడు. ఖాళీ పడవ, ఎగువకి మొహం, వెనక నించి సముద్రపు గాలి, ఒకసారి కదిలిందంటే చంటిపిల్ల లాగినా వచ్చేస్తది. కదిలింది.

ఇంక చూడండి. కింద నీళ్లు పోతన్న చప్పుడు, పసిబిడ్డ నిద్దట్లో చప్పరించినట్టు. గట్టు మీద నడిచేవోడికి ఆ చప్పుడు వినపడదు. గట్టు మీద నడిచేవోడికి గతుకులు కనపడతాయి, రాళ్లు కనపడతాయి, పల్లేరుకాయలు కనపడతాయి. ఇక్కడ కూచుంటే ఏదీ గుచ్చుకోదు. తాడిచెట్లు వాటంతటవే నడిచొస్తన్నాయి. చాకిరేవు నడిచొచ్చింది, దాని మీద ఆరేసిన చీరలు నడిచొచ్చాయి, ఓ గేదె నీళ్లలోంచి తలెత్తి ఈయన్ని చూస్తా చూస్తా పక్క నించి జారిపోయింది. తెల్ల మబ్బొకటి పడవ కింద నించి ఇవతలకొచ్చిందంట. తిప్పాల, తిప్పాల అనుకుంటానే ఉన్నాడు. ఇదిగో ఈ తాడిచెట్టు దాటాక తిప్పుదాం. దాటింది. ఆ రేవు దాటాక తిప్పుదాం. అదీ దాటింది. కలలో పని గుర్తున్నా చెయ్యి లెగదు చూడండి, అలాగన్నమాట.

అలాగ ఎంత దూరం పోయారో, అప్పుడు చూశాడు. ముప్పై బారల అవతల పెళ్లాం వీపు. నలభై రెండేళ్లలో ఆ వీపు నడుస్తంటే ఆయన చూళ్లేదు. ఎడం కాలు వెయ్యటం, పక్కకి ఒరగటం, సర్దుకోవటం. మళ్లీ ఎడం కాలు వెయ్యటం, ఒరగటం, సర్దుకోవటం. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాడు. మైలు గడిచింది, రెండు మైళ్లు గడిచాయి, అదే ఒరుగు. అప్పుడు తాడు ఒక్క కుదుపు కుదిపాడు. ఆవిడ ఆగింది. పడవ ఒడ్డుకి పట్టించి, దిగి, "కాలికేమైందే?" అన్నాడు. "ఏ కాలికి?" "ఎడం కాలికి." ఆవిడ గట్టు మీద చతికిలపడి నవ్విందంట. "ఇప్పుడా అడగటం? పన్నెండో యేట జీడిమావిడి చెట్టు మీంచి పడ్డాను. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. పెళ్లిచూపుల్లో మా అమ్మ నన్ను పీట మీంచి లేవనిస్తేనా! నీకు తెలిస్తే దింపేసి పోతావని భయపడి, కాపరానికి వచ్చిన రోజే పోయి చుక్కాని కాడ కూచున్నాను. ఇంక లేవలేదు."

నవ్వకండి. నలభై రెండేళ్లు కాపరం చేసి పెళ్లానికి కుంటు ఉందని తెలీకపోవటమేంటి అని మీకనిపిస్తది. పడవ మీద బతికినోళ్ల సంగతి వేరు. అక్కడ ఎవరు నడిచినా ఒరుగుతానే నడుస్తారు. ఒడ్డుకి దిగినా ఎంతసేపని, నాలుగడుగులెయ్యటం, గిన్నెలు తోముకోవటం, మళ్లీ ఎక్కెయ్యటం. ఎవరి కుంటు ఎవరికి తెలుస్తది?

మసేనయ్య గట్టు మీద ఆవిడ పక్కనే కూలబడ్డాడు. కూచుని సుఖపడిపోతందని ఆవిడ మీద ఇన్నేళ్లూ లోపల్లోపల కుళ్లుకున్నోడు కదా. ఆఖరికి, "నడిస్తే నొప్పి కదా, మరి మెట్టకి పోయి నడుస్తానంటావేం?" అన్నాడు. నొప్పే అంది ఆవిడ. "నొప్పే. అయినా నడవాల. ఒకళ్లు చూస్తారని కూచోటం అయిపోయింది. ఈ వయసులో ఇంకెవరు దింపేసి పోతారు నన్ను?" "బస్సెక్కుతానంది ఎవరు మరి?" "మాటకి అన్నాను. ఆ బస్సు మెట్టు ఎంత ఎత్తుంటదో నీకేం తెలుసు!" ఈయన చెయ్యి చాపి, "తాడు ఇలా తే, ఎగువకే లాగుతాను" అన్నాడు. "ఇయ్యను" అంది. "పొద్దున్న పూట నాది."

అలాగ వంతులేసుకున్నారంట. పొద్దున్న ఆవిడ, ఎండ పడ్డాక ఆయన. ఆయన లాగినప్పుడే కాస్త దూరం నడిచేది పడవ. ఆవిడ లాగితే ఎక్కడికక్కడే. దారి పక్కన పొన్నగంటి కూర కోసుకునేది, రేవుల్లో ఆడోళ్లతో నిలబడి మాట్టాడేది, తాడు వదులై నీళ్లలో పాములాగా తేలేది. చుక్కాని కాడ మసేనయ్యకి కునుకు పట్టేది, పడవ పోయి గట్టుకి తగిలేది, "మారాజా, నిద్దర లెగు!" అని అరిచేది ఆవిడ. రెండో రోజుకల్లా ఈయనకి నీళ్ల మీద ఎండ కళ్లలో పొడవటం మొదలెట్టింది, నడుం పట్టేసింది. మారాణీ అన్న మాట మళ్లీ నోట్లోంచి రాలేదంట.

పై లాకులు ఇంక మైలున్నర ఉందనగా ఓ వంపుంది. అక్కడ కాలవ బాగా లోతు, మడుగులాగా ఉంటది, కాలవ కట్టేసినా అందులో నీళ్లు ఇంకిపోవు, పడవ తేలతానే ఉంటది. ఇవతల గట్టు నల్లమట్టి, వరి చేలు. అవతల గట్టు ఎర్రగా ఉంటది, మెట్ట అక్కణ్ణించే మొదలవుద్ది. సముద్రం నించి బయల్దేరిన గాలి అక్కడిదాకా వచ్చి, ఇంక నడవలేక కూచున్నట్టు మెల్లగా తగులుద్ది. నూకరత్నం ఎర్రగట్టు మీద ఆ చివరి దాకా ఒరుగుతా పోయి, ఒరుగుతా వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మసేనయ్య పడవలో కూచుని నీళ్లకేసి చూస్తన్నాడు. నీళ్లలో ఆవిడ తలకిందులుగా నడుస్తంది, ఆవిడ పక్కనే గట్టూ ఊగుతుంది, చెట్లూ ఊగుతున్నాయి, మబ్బులూ ఊగుతున్నాయి. ఎవరిది కుంటో చెప్పటం కష్టం.

ఆదోరం ఆరింటికి కాలవ కట్టేశారు. పై లాకుల కాడ లోవయ్య బండి కట్టుకుని పొద్దున్నించీ కాసుక్కూచున్నాడు, అక్క రాదు, బావ రాడు. గట్టెంట వెతుక్కుంటా వస్తే ఆ వంపు కాడ దొరికారు. "నీళ్లు అందలేదురా తమ్ముడూ, ఏం చేస్తాం" అంది నూకరత్నం. "అవున్రా లోవయ్యా, కొంచెంలో తప్పిపోయింది" అన్నాడు మసేనయ్య, తల వంచుకుని. లోవయ్య నిజంగానే బాధపడి, పాక వాసాలు విప్పి బండి మీదేసుకొచ్చి ఆ ఎర్రగట్టు మీదే నిలబెట్టిచ్చాడు. కలప వర్తకుడు కూడా వచ్చి చూసి, ఈ మడుగులోంచి దీన్ని ఎలా లాక్కెళ్లేది అని నెత్తి కొట్టుకుని పోయాడంట. ఆవిడది పాక, ఆయనది పడవ. మధ్యన తాడు కట్టుకున్నారా అని అడుగుతారు మీరు. కట్టుకోలేదు. ఇరవై అడుగులు, ఆ మాత్రానికి తాడెందుకు, పిలిస్తే పలుకుద్ది.

ఎవరి మాట నెగ్గిందంటే, ఇద్దరిదీ కాదు, కాలవ మాట నెగ్గిందని మన వైపు జనం చెప్పుకున్నారు. పదకొండు రోజులు పోయాక నడిమి లాకుల టీ బల్ల కాడ ఎవరో ఆ మాటే అంటే, లస్కరు సన్నిబాబు గ్లాసు కింద పెట్టి చెప్పాడంట. శుక్రారం సాయంత్రం నాలుగింటికి తను ఆ దారినే సైకిలు మీద పోయాడు. అప్పటికే పడవ ఆ వంపులో కట్టేసుంది, కాలవ నిండుగా పారతంది, ఎర్రగట్టు మీద ముసలోళ్లిద్దరూ పొయ్యి తవ్వుకుంటున్నారు. "పిన్నీ, మైలున్నరేగా, రేపంతా కూడా నీళ్లుంటాయి, ఎళ్లిపోండి" అన్నాడంట. "ఆయ్, తెలుసు" అన్నారంట ఇద్దరూ.