పట్టీ మాస్టారి మూడు లాగుళ్లు

1988వ సంవత్సరం జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం మా పోలీసు సామగ్రి విభాగంలో సహాయ దర్జీగా ప్రవేశించిన మాన్యులు, ముప్పై ఆరేళ్ల నిష్కళంక సేవానంతరం భాండాగారాధికారిగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు. సర్వీసు పుస్తకంలో వారి పేరు ఏదైనా కావచ్చు. మాకు మాత్రం వారు ‘పట్టీ మాస్టారు’.

ఆ రోజుల్లో జనసమూహాల మధ్య బందోబస్తుకు వెళ్లే సిబ్బందికి అందరికీ ఒకే కొలత హెల్మెట్ ఉండేది. చిన్న తలవారికి కళ్ల మీదికి జారేది, పెద్ద తలవారికి నెత్తిమీద ఊగేది. మాస్టారు టేపు పట్టుకుని రెండు వందల పన్నెండు తలలు కొలిచి, ఒక్కొక్క హెల్మెట్‌కూ లోపలి మెత్త స్వహస్తాలతో కుట్టారు. తర్వాతి కాలంలో పారదర్శకమైన డాళ్లు వచ్చినప్పుడు, ప్రతిదాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి వెంట్రుకవాసి బీట కోసం వెదికారు.

కొత్త హెల్మెట్ ఏదైనా ముందు తాము ఒక పూట ధరించి, గడ్డం పట్టీ మూడుసార్లు లాగి చూడనిదే ఎవరికీ ఇవ్వకపోవడం వారి నియమం. ఆ నియమం ఒకనాడు వారిని హెల్మెట్‌తోనే బస్సెక్కించి ఇంటికి చేర్చింది. తలుపు తీసిన శ్రీమతిగారు, “గొడవ ఊళ్లోనా అండీ, మనింట్లోనా?” అని అడిగారట. ఈ సంగతి బయటపెట్టింది కూడా ఆవిడే.

ఈ వ్యాసకర్తనైన నా తొలి బందోబస్తు రోజున వాకిట్లో వ్యాను హారన్ మోగుతోంది. నా పట్టీ రెండో లాగుడుకే ఊడివచ్చింది. మాస్టారు సూదీ దారం తీశారు.

“వ్యాను వెళ్లిపోతుంది సార్, ఇచ్చెయ్యండి!” అన్నాను.

“వ్యాను పోతే ఇంకోటొస్తుంది. తల పోతే ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా? కూర్చో.”

లోలోపల తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమే ఓ ఇటుక పెడ్డ నా నెత్తిన పడి హెల్మెట్ పగిలింది, పట్టీ మాత్రం వీడలేదు. సాయంత్రం దాన్ని బల్లమీద పెట్టి క్షమాపణ చెప్పబోయాను. వారు దానివంక చూడనైనా చూడక, రెండు చేతులతో నా తల తడిమి, “టీ తాగుతావా?” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఈనాడు నా పిల్లలు నన్ను నాన్నా అని పిలుస్తున్నారంటే అది ఆ సూదీ దారం చలవే.

ఇకపై శ్రీమతిగారిని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ వాయిదా వేసిన ఊళ్లన్నీ చూపిస్తానని మాస్టారు మాట ఇచ్చారు. అందుకని మేమంతా కలిసి రెండు హెల్మెట్లు బహూకరించాం. వారు అక్కడికక్కడే పట్టీలు లాగి చూసి, “ఆవిడది వదులు” అని ఒకటి వెనక్కి ఇచ్చేశారు!

దాన్ని మార్చి తెచ్చాం. మీ దంపతుల ప్రయాణాలు సుదీర్ఘంగా, ఆరోగ్యంగా, నవ్వులతో సాగాలని మనసారా కోరుకుంటున్నాం. ఈసారి మూడుసార్లూ మేమే లాగి చూశాం మాస్టారూ, గట్టిగానే ఉంది.