చివరి ఇద్దరు

బడిలో కంప్యూటర్ల పని చూసే తల్లి, సాయంత్రం ఇంట్లో కూతురి రెండు జడలూ విప్పడానికి కూర్చుంది.

"ఏంటే, మూతి ముడుచుకున్నావ్? ఇవాళ భోజనానికి నిన్ను ముందే పిలిచారుగా?"

"పిలిచారు. నాలుగోదాన్ని."

"మరింకేం? రోజూ చివర్లోనే పిలుస్తున్నారని నువ్వేగా ఏడ్చావు! ఇంగ్లీషులో రాస్తే నీ పేరు మొదటి అక్షరం మీద చిన్న గీత ఉంది కదా, బడి పిల్లల పేర్లుండే డేటాబేస్ అదేదో కొత్త అక్షరం అనుకుని జెడ్ తర్వాత, అన్నిటికీ చివర పెట్టేసేది. వరస పెట్టేటప్పుడు ఆ గీతని పట్టించుకోవద్దని దానికి చెప్పా."

"గీత తీసేశావా?"

"అయ్యో, నానమ్మ పెట్టిన పేరు జోలికి నేనెందుకు వెళ్తాను? గీత అలాగే ఉంది."

"అయితే జెడ్ ఒక్కతే అయిపోయిందమ్మా."

"జెడ్ ఎవరు?"

"నాకంటే ముందు పిలిచేవాళ్ళే, ఆ అమ్మాయి. తన పేరు జెడ్‌తో మొదలవుతుంది. పిలిచినా వెళ్ళకుండా నాకోసం ఆగేది. ఇవాళ గోడకి ఆనుకుని ఒక్కతే నిలబడింది."

"పోనీ, మళ్ళీ పాతలాగే మార్చెయ్యనా?"

"వద్దు. అప్పుడూ మేమిద్దరమే చివర. ఒకరోజు ఇటు నుంచి, ఒకరోజు అటు నుంచి పిలవడం కుదరదా?"

"కుదరకేం! వరస తిరగెయ్యమని ఒక్క మాట చేరిస్తే చాలు."

"ఒక్క మాటేనా?"

"ఒక్కటే."

"మరి ఇన్నాళ్ళూ జెడ్ కోసం ఎవరూ ఎందుకు చేర్చలేదమ్మా?"

"రెండో జడ తర్వాత విప్పుతాలే. ముందు ఆ ల్యాప్‌టాప్ ఇలా పట్రా."