ఇగ కండ్లు తెర్వు

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. మానుకోట నడిరోడ్డు మీద వంటావార్పు. కహ్కషాన్ కోసమే తండా నుంచి నడిచి వచ్చిన సంగీత, ఆ మాట మాత్రం చెప్పకుండా, ఆమె పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. ఎదురుగా పొయ్యి దగ్గర సంగీత చిన్నమ్మ రుక్కి.

"మన కాలేజి శిరీష తోని చూసినవంట."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తే ఏంది? చూసినవా, లేదా?"

"ఏది?"

"ఏదంటవేందే కహ్కషాన్? కొత్త భయం సినిమా. మీ అబ్బా సీడీల దుకాణం ఎనుక అర్రల. పరద గుంజి. నేను కూసునే సాప మీద."

"సాప అదే ఉంటది గద. ఉన్నదే ఒక్క సాప."

"అంటే చూసినవ్."

"సంగీ, గడ్డలు సన్నగ కొయ్యి. చిన్నమ్మ చూస్తున్నది."

"చూడనియ్. బస్సులు బందైతే తండ మనిషిని మర్సిపోవుడేనా? సమ్మె మన కోసమే గద, తెలంగాణ వస్తది గద అని నేను ఇంట్ల కూసోని ఓర్సుకుంటున్న. నువ్వేమో..."

"ఏందే గా లొల్లి?"

"ఏం లేదు చిన్నమ్మా."

"ఏం లేకుంటే గా గడ్డల మీద గంత కోపమెందుకే సంగీతా? పప్పుచారుల ఏసేటందుకు కొయ్యమంటే పగ తీర్సుకుంటున్నవ్. ఏం సినిమా గది?"

"కాలేజి పిల్లలను ఒక్కొక్కలనే చంపుతడు చిన్నమ్మా ఒకడు, ముసుగేసుకొని. ఇంగ్లీషుది. తెలుగుల మాట్లాడిపిస్తరు."

"థూ! మనుషులను చంపుతుంటే చూసుడేందే కహ్కషాన్? ఏం పాడు సరదా?"

"చంపుడు కోసం కాదు చిన్నమ్మా. చంపే ముందటి దాని కోసం."

"ముందట ఏముంటది?"

"పొద్దు గూకుతుంటది. ఊరంత సప్పుడు లేకుంట ఉంటది. ఎండిన ఆకులు రోడ్డు మీద దొర్లుతుంటయి. ఒక్క ఇంట్ల పసుపుపచ్చ బుగ్గ ఎలుగుతది. ఫోను మోగుతది, ఎవ్వలు ఎత్తరు. దోస్తులందరు ఒక్క దుప్పట్ల దగ్గర దగ్గర కూసుంటరు. బయట ఏమున్నదో తెల్వదు గని లోపట మాత్రం... ఎట్ల చెప్పాలె... ఎచ్చగ ఉంటది."

"శిరీషకు సుత ఎచ్చగ ఉండెనా?"

"జర ఇను సంగీ. మొన్న మాపటీలి డిపో దిక్కు పోయిన. బస్సులన్ని వరుసగ నిలబడ్డయి, మనిషి లేడు. ఒక్క కుక్క. కాయితాలు గాలికి కొట్కపోతున్నయి. మన మానుకోటనే అచ్చం సినిమా లెక్కయింది. నువ్వుంటే మంచిగుండు అనుకున్న."

"అనుకొని శిరీషను తోల్కపోయినవ్."

"డిపోకు తోల్కపోలేదే."

"సాప మీదికి తోల్కపోయినవ్ గద."

"నువ్వు సుత గివే చూస్తవా సంగీతా? బల్లి కనబడితేనే వాకిట్లకు ఉరుకుతవ్ గదనే!"

"చూస్త చిన్నమ్మా. అన్ని చూసిన."

"అవునా? అయితే చెప్పు. మనం చూసిన దాంట్ల గా ముసుగోని చేతిల ఏమున్నది?"

"కత్తి."

"సుత్తె. సినిమా పొడుగూత సుత్తె పట్టుకొనే తిరిగిండు."

"నవ్వకు చిన్నమ్మా! నాకెట్ల తెలుస్తది? ఇదే 'మూస్కో' అంటది, మూస్కుంట. గా చంపుడు అయిపోయినంక 'ఇగ కండ్లు తెర్వు' అంటది, తెరుస్త."

"నేను అనకముందుకే మూస్కుంటవ్."

"మరి ఏం చూస్తున్నట్టే?"

"ఆకులు చూస్త. బుగ్గ చూస్త. మిగిలింది ఇది చెవుల చెప్తది. గా పిల్ల చీకట్ల నిలబడి 'ఎవరండీ అక్కడ?' అంటది చిన్నమ్మా, డబ్బింగుల. గప్పుడు ఇది 'ఎవడ్రా గాడ?' అంటది. పానం పోతుంటే సుత అండీ అంటదట గా పిల్ల!"

"నవ్వినవ్! సంగీ, నవ్వినవ్!"

"నవ్వలే. ఉల్లిగడ్డ."

"ఉల్లిగడ్డకు నవ్వస్తదా?"

"మాట మార్సకు. శిరీషకు సుత గట్లనే చెప్పినవా?"

"ఎట్ల?"

"తెల్వనట్టు చెయ్యకు. 'ఇగ కండ్లు తెర్వు' అన్నవా?"

"లే. అనలే."

"ఒట్టు?"

"ఒట్టు. ఆమెనే... ఆమెనే నాకన్నది."

"ఏందీ?"

"నేను మూస్కున్న. ఎప్పుడు తెర్వాల్నో ఆమె చెప్పింది."

"నువ్వు మూస్కున్నవా? నువ్వా? తలకాయ పలుగుతున్నా పల్లీలు నముల్కుంట చూస్తవ్ నువ్వు!"

"మూస్కున్న."

"నా పక్కన ఎన్నడన్న మూస్కున్నవా? ఒక్కసారి నేను చెప్తనే అని బతిమిలాడితె, నీకు రాదు పో అన్నవ్. ఆమెకొచ్చిందా? అయినా ఆమెకేందిలే, కాలేజి పక్కన్నే ఇల్లు, కరెంటు పోతె ఇన్వర్టరు..."

"కత్తి కింద పెట్టు సంగీ."

"పెట్ట. బస్సులు తిరగనియ్. తెల్లారంగనే వస్త. నా సాప మీద నేను కూసుంట, ఎవలు లేపుతరో చూస్త. జల్ది తిరగాలె అని సేవాలాల్‌కు మొక్కిన."

"మొక్కకు."

"ఏ?"

"బస్సులు తిరుగంగనే మేం పోతున్నం. అబ్బా దుకాణం ఎత్తేస్తున్నడు. సీడీలు ఎవలు కొండవోతలేరు. భూపాలపల్లిల బొగ్గు బాయి దగ్గర ఆరిఫ్ మామతోని కలిసి హోటలు పెడ్తడట. బస్సుల్లేకనే ఆగినం."

"ఎన్నడు తెలిసింది నీకు?"

"సమ్మె మొదట్లనే."

"ఇంకెవలకు తెలుసు?"

"శిరీషకు."

"నాకు కబురన్న పెట్టకపోతివి. నడిసి రాకపోదునా? ఇయ్యాల రాలే?"

"వంటావార్పుకు వచ్చిన అంటివి?"

"అబద్ధం. నీ కోసమే వచ్చిన. నీకు గిన్నే దినాలు ఉండె, గవన్ని ఆమెకెందుకిచ్చినవే?"

"సీడీ ప్లేయరు శిరీష వాళ్లింట్ల పెట్టి పోతున్న. నీ సాప సుత. మీ తండల కరెంటు నిలబడితే నీకే ఇద్దును."

"నాకు ప్లేయరొద్దు. అడిగిందానికి చెప్పు."

"నీకు చెప్పుడు శిరీషకు మొదట్ల అస్సలు రాకపోయె సంగీ. మనం చూసిన సినిమా సుత పెట్టిన. సుత్తె ఇంక లేసే ఉంటది, తెర్వుమంటది. గందుకే నేను నీ జాగల కండ్లు మూస్కొని కూసున్న, ఆమెను చెప్పుమన్న. తప్పు చెప్పినప్పుడల్ల సినిమాను ఎనుకకు తిప్పిన. ఇప్పుడు మంచిగ చెప్తున్నది. సుత్తె కనబడనియ్యదు. నువ్వు చూసే ఆకులల్ల ఒక్కటి సుత పోనియ్యదు."